మళ్ళీ పరీక్షకు కూర్చున్న పంతులమ్మ

(బెంగుళూరులో మన సమాజం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక పంతులుగారు పంచాంగం చదువుతూ "శ్రీ పరాభవ నామ సంవత్సరం" అనగానే వెనుక వరుసల్లో గుసగుసలు బయలుదేరాయి. నా పక్కన కూర్చున్న ఒక కోడలుపిల్ల, "ఇదేం పేరు పిన్నిగారూ, పండుగపూట!" అన్నది. ఏం చేస్తాం? అరవై పేర్లూ మనం ఏరి పెట్టుకొన్నవి కావు గదా! వంతు వచ్చినప్పుడు ఏ పేరైనా వచ్చి కూర్చుంటుంది. క్రిందటిసారి ఈ పేరు 1966లో వచ్చింది. అప్పటికి నాకు మూడేళ్ళు. పరాభవమంటే ఏమిటో తెలియని వయస్సు. ఇప్పుడు తెలుసు. ఎందువల్లనంటే, నిన్నటితో వెళ్ళిపోయిన విశ్వావసులో నేను దాన్ని రెండుసార్లు రుచి చూశాను. అరవైరెండో ఏట మోటారుకారు నడిపే పరీక్షకు వెళ్ళి, రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాను. ఆ సంగతి నలుగురికీ చెప్పమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. తప్పిన పరీక్షలను గురించి సభలో మాట్లాడమంటే మొదట సిగ్గు వేసింది. కాని ఆ సిగ్గును గురించే మాట్లాడవలసింది ఉన్నదని తోచి ఒప్పుకొన్నాను.

నేను ముప్పై మూడేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఎన్ని పరీక్షలు పెట్టానో, ఎందరి కాగితాల మీద ఎర్రసిరాతో సున్నాలు చుట్టానో నాకే గుర్తులేదు. తప్పిన పిల్లలు కళ్ళ నీళ్ళు పెట్టుకొంటే, "పరీక్ష తప్పితే తప్పేమిటర్రా, మళ్ళీ వ్రాయండి" అని తేలికగా అనేసేదాన్ని. ఆ మాట చెప్పడం ఎంత సులభమో, వినడం ఎంత కష్టమో నా వంతు వచ్చేదాకా తెలియలేదు.

ఈ వయస్సులో నాకు కారు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. 2024 డిసెంబరులో ఒక సాయంత్రం మావారూ నేనూ కూరగాయలు తీసుకొని ఇంటికి వస్తున్నాము. బండి ఆయనే నడుపుతున్నారు. ఎడమవైపు సందులోనుంచి సైకిలు మీద ఒక కుర్రవాడు వచ్చాడు. నాకు కనబడ్డాడు, ఆయనకు కనబడలేదు. నేను కేక వేస్తే బ్రేకు పడింది. సైకిలుకూ బండికీ నడుమ జానెడు జాగా మిగిలింది. కుర్రవాడు నవ్వుకొంటూ వెళ్ళిపోయాడు. మావారి చేతులు మాత్రం ఇల్లు చేరేదాకా వణుకుతూనే ఉన్నాయి.

కంటి వైద్యుడు నీటికాసులు అన్నాడు. గ్లాకోమా అంటారు గదా, అదే. ఆ జబ్బు నొప్పీ నలతా లేకుండా ముందు పక్కచూపును కొరుక్కుతింటుంది. ఎదుటి చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. అందుచేత మనిషికి ఏమీ తెలియదు. పాతిక మీటర్ల దూరంలో ఉన్న నంబరు పలక చదవగలరా అని లైసెన్సు కాగితంలో అడుగుతారు. ఆయన ఆనాటికీ తడుముకోకుండా చదవగలరు. కాని గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమంటే, ఎడమవైపు చుక్కలు సగానికి సగం ఆయనకు కనబడనే లేదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చుక్కల మందు జీవితాంతం వేసుకోవాలి, మధ్య మధ్య చూపించుకొంటూ ఉండాలి. ఆ రాత్రి భోజనాలయిన తర్వాత ఆయన బండి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. నలభై యేళ్ళు బండి నడిపిన మనిషి. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

మరి నాకు లైసెన్సు లేదా అంటే ఉండేది. 1993లో, నాకు ముప్పై యేళ్ళప్పుడు, ప్రీమియర్ పద్మిని మీద నేర్చుకొని తీసుకొన్నాను. స్టీరింగు పక్కనే గేరు కర్ర ఉండే బండి అది. ఒక యేడాది నడిపాను. తర్వాత పిల్ల పుట్టడం, బడి, వంట, ఆయనకు బండి మీది ప్రీతి, అన్నీ కలిసి నన్ను పక్క సీటులో కూర్చోబెట్టాయి. 2013లో యాభయ్యో ఏట దాని గడువు తీరిపోతే చూసుకోనైనా లేదు. ఇక్కడ ఒక మాట మీ చెవిని వేస్తాను. 2019లో చట్టం సవరించారు. గడువు తీరిన యేడాదిలోగా దరఖాస్తు పెట్టుకొంటే మామూలుగా పొడిగిస్తారు. యేడాది దాటితే మళ్ళీ పరీక్ష ఇచ్చి నెగ్గవలసిందే. మునుపు ఈ వాయిదా ఐదేళ్ళుండేది. కనుక ఇళ్ళకు వెళ్ళగానే మీ మీ లైసెన్సులు బయటికి తీసి తేదీలు చూసుకోండి.

నేను మళ్ళీ నేర్చుకొంటానంటే చుట్టాలందరూ ఒక్క గొంతుతో వారించారు. "వదినా, టాక్సీలున్నాయి, ఆటోలున్నాయి, మెట్రో ఉన్నది. ఈ వయస్సులో నీకెందుకీ తంటా?" అన్నారు. వారి మాటా అబద్ధం కాదు. పగటిపూట నేనూ టాక్సీలోనే వెళ్తాను. కాని అర్ధరాత్రి కంటిలో నొప్పి అంటే, వర్షంలో ఒక్క బండీ దొరకకపోతే? అదీగాక, మా తాతగారు కదిరి నుంచి ఈ ఊరికి వచ్చినా, ఇప్పటికీ పెళ్ళికీ పేరంటానికీ మేము ఆ దారి పట్టవలసిందే. ఆయనను ఇంటికి కట్టివేయడం నాకు ఇష్టం లేకపోయింది.

నలభై యేళ్ళు దాటినవారు డాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఇచ్చాను. రహదారి గుర్తుల పరీక్ష కంప్యూటరు ముందు కూర్చుని సునాయాసంగా నెగ్గాను. పుస్తకపు పరీక్షలంటే మనకు లెక్కా? ఎల్.ఎల్.ఆర్. చేతికి వచ్చింది. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు గడిచిన తర్వాత అసలు పరీక్షకు వెళ్ళవచ్చు. తెల్ల పలక మీద ఎర్రని ఎల్ అక్షరం బండికి ముందూ వెనుకా తగిలించి, డ్రైవింగు స్కూలు కుర్రవాడి పక్కన శిష్యురాలినై కూర్చున్నాను. వాడికి పాతికేళ్ళుంటాయి. కన్నడం వాడు. "అమ్మా, నిధాన, నిధాన" అనేవాడు. మన నిదానమే. రెండు భాషలకూ ఆ మాట ఉన్నందుకు సంతోషించాను. నెల తిరిగేసరికి బండి నేను చెప్పినట్టు వింటున్నదనుకొన్నాను.

జూన్ నెలలో మొదటి పరీక్ష. వరుసలో నిలుచున్నవారంతా పద్దెనిమిది, ఇరవై యేళ్ళవాళ్ళు. అందులో ఒకడు నా వైపు తేరిపార చూసి, "మిస్, మీరా!" అన్నాడు. నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లవాడు. ఇక చూడండి, నా గుండె ఎక్కడ కొట్టుకొంటున్నదో నాకే తెలియలేదు. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కు జారకుండా తిరిగి కదిలించమన్నారు. ఆపాను. కదిలించబోతే బండి రెండు గజాలు వెనక్కు జారి, దగ్గి, ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు మర్యాదస్థుడు. "ఇన్నొమ్మె బన్ని, అమ్మా" అన్నాడు. మరొకసారి రమ్మని అర్థం. ఎవరో నవ్వారు. నా శిష్యుడు నా తర్వాత వెళ్ళి పరీక్ష నెగ్గి వచ్చాడు.

ఇంటికి వచ్చి మావారితో అబద్ధమాడాను. "ఈవేళ పరీక్ష జరగలేదు, మరో రోజు రమ్మన్నారు" అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "నాకు చెడింది కళ్ళేనే, చెవులు బాగానే ఉన్నాయి" అన్నారు. అప్పుడు ఏడ్చాను. ఏడ్చిన తర్వాత పంతులమ్మ బుద్ధి మేలుకొన్నది. ఒక నోటుబుక్కు తీసి, కాగితానికి నిలువుగా గీత గీశాను. ఎడమవైపు "తప్పు" అనీ, కుడివైపు "అవమానం" అనీ వ్రాశాను. కుడివైపు నిండిపోయింది. శిష్యుడు చూశాడు. ఎవరో నవ్వారు. పొరుగింటివారు అడుగుతారు. చుట్టాలు "చెప్పలేదూ" అంటారు. ముసలితనం వచ్చింది. ఆయన నా మీద పెట్టుకొన్న ఆశ పోయింది. ఇలా ఏడు వరుసలు. ఎడమవైపు చూస్తే ఒకే ఒక్క వరుస: "ఎత్తు మీద ఇంజను పట్టు అందకముందే హ్యాండ్ బ్రేకు దించాను."

నేను మీకు చెప్పదలచిన దంతా ఆ కాగితంలో ఉన్నది. పరీక్ష మనకు చెప్పినది ఎడమవైపు వరుస ఒక్కటే. కుడివైపు ఏడు వరుసలూ మనం వ్రాసుకొన్నవి. చిన్నవాళ్ళు తప్పినప్పుడు తప్పును మాత్రం ఇంటికి తెచ్చుకొంటారు, మర్నాడు దిద్దుకొంటారు. పెద్దవాళ్ళం తప్పును అక్కడే వదిలిపెట్టి, అవమానాన్ని మోసుకొని వస్తాము. అందుకే రెండోసారి వెళ్ళేటప్పుడు బరువు రెట్టింపవుతుంది, చేతిలో విద్య మాత్రం అంతే ఉంటుంది. ధైర్యం చాలక తప్పుతున్నామనుకొంటాము. చాలనిది ధైర్యం కాదు, దిద్దుబాటు.

మర్నాడు కుర్రవాడిని అడిగాను, "నెల రోజులు ఎత్తు మీద బాగానే లాగించాను గదా నాయనా, నిన్న ఎందుకు జారింది?" అని. వాడు తల గోక్కొన్నాడు. స్కూలు బండికి వాడి కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేను తడబడినప్పుడల్లా పాపం వాడు చప్పుడు కాకుండా తొక్కుతూ వచ్చాడు. అంటే నా విద్యలో సగం వాడి పాదాలదన్నమాట! "ప్రమాదమైతే తప్ప నీ కాళ్ళు చాపవద్దు" అని మాట తీసుకొని, ఖాళీ మైదానం పక్కనున్న ఎత్తుకు పోనిమ్మన్నాను. మొదటి రోజు ఎన్నిసార్లు బండి ఆగిపోయిందో లెక్కల పంతులమ్మను కూడా లెక్క తప్పాను. మూడో రోజుకు కిటుకు పట్టుబడింది. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచాలి. మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి, క్లచ్‌ను నెమ్మదిగా పైకి వదలాలి. ఒక చోట ఇంజను చప్పుడు బరువెక్కుతుంది, బండి ముక్కు కాస్త లేస్తుంది. అదే పట్టు. అక్కడ కాలు నిలిపి అప్పుడు హ్యాండ్ బ్రేకు దించితే బండి ముందుకే పోతుంది. దీనికి కావలసింది చెవి. చెవికి వయస్సుతో పనిలేదు, నాకింకా వినబడుతూనే ఉన్నది.

పరీక్ష తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళవచ్చునని చట్టం. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి. నేను ఏడు రోజులకే పరుగెత్తలేదు. ఎత్తు బాగా వచ్చేదాకా ఆగి జూలైలో వెళ్ళాను. ఎత్తు మీద బండి దేవుడి రథంలా కదిలింది. ఆ సంతోషం పట్టలేక, తర్వాత వెనక్కు నడిపి ఇరుకు జాగాలో పెట్టమంటే తొందరపడ్డాను. ఎడమ అద్దం చూడడం మరిచాను. వెనుక మూల వెళ్ళి గుంజను తాకింది. మళ్ళీ "ఇన్నొమ్మె బన్ని." భయమే కాదు, సంబరం కూడా మనిషిని తప్పిస్తుందని ఆనాడు తెలిసింది. ఈసారి ఇంటికి రాగానే మావారికి నిజం చెప్పాను. నోటుబుక్కు తెరిస్తే ఎడమవైపు ఒక వరుస వ్రాశాను. కుడివైపు వ్రాయడానికి కూర్చుంటే రెండు వరుసలకే విసుగు పుట్టి మానేశాను.

ఆగస్టులో మూడోసారి వెళ్ళాను. ఏమయిందనుకొన్నారు? ఎన్నడూ తప్పని చోట, బయలుదేరేటప్పుడే బండి ఆగిపోయింది! ఒక క్షణం చెమట పట్టింది. కాని బండి ఆగిపోవడం పెద్ద తప్పు కాదు. గాభరాపడి గేరులో ఉన్నదాన్ని అలాగే తాళం తిప్పడం పెద్ద తప్పు. నేను గట్టిగా పైకి చెప్పుకొన్నాను: "క్లచ్, బ్రేకు, హ్యాండ్ బ్రేకు, గేరు న్యూట్రలు, తాళం." తర్వాత ప్రతి మలుపుకూ అలాగే: "లోపలి అద్దం, పక్క అద్దం, సిగ్నలు, మెల్లగా." ఇన్‌స్పెక్టరు నవ్వి, మంత్రమా అని కన్నడంలో అడిగాడు. "కాదండీ, నాకు నేను పాఠం చెప్పుకొంటున్నాను" అన్నాను. ఎత్తు ఎక్కాను, దిగాను, వెనక్కు నడిపి ఇరుకు జాగాలో పెట్టాను. ఆయన కాగితం మీద సంతకం చేశాడు.

ఈ సభలో నావంటివారు, అంటే మళ్ళీ నేర్చుకోవాలని ఉండి వెనుకాడుతున్నవారు, పదిమందైనా ఉంటారని నా నమ్మకం. వారికి నాలుగు మాటలు చెప్తాను. రోజుకు అరగంట, ముప్పావుగంట నేర్చుకోండి, కాని రోజూ నేర్చుకోండి. ఆదివారం నాలుగు గంటలు నడిపితే అలసటే మిగులుతుంది. వీలుంటే ఏ బండితో పరీక్ష ఇస్తారో ఆ బండి మీదనే నేర్చుకోండి, క్లచ్ పట్టు బండికి బండికీ మారుతుంది. మీ పక్కనున్నవాడు మీకు ఎంత సాయం చేస్తున్నాడో నిలదీసి అడగండి. పరీక్ష ముందటి రాత్రి కొత్త విద్య నేర్వబోకండి, నిద్రపొండి. కళ్ళజోడు తుడుచుకొని వెళ్ళండి. ఇన్‌స్పెక్టరు చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి. మనది కాని భాషలో అడుగుతున్నారని బిడియపడకండి. అడిగితే ఎవరూ మార్కులు కోయరు. తప్పితే కనీసం ఒక్కరికి ఆ పూటే నిజం చెప్పండి. దాచిన తప్పు దిద్దుకోవడానికి దొరకదు.

దక్షిణ కొరియాలో చా సా-సూన్ అనే ఒక పల్లెటూరి ముసలావిడ ఉన్నది. వ్రాతపరీక్షే ఆమెను 2005 నుంచి దాదాపు 950 సార్లు త్రిప్పి పంపింది. 2009లో అది నెగ్గి, బండి నడిపే పరీక్షలో మరికొన్నిసార్లు తప్పి, 2010లో, డెబ్బైకి దగ్గర పడిన వయస్సులో, లైసెన్సు తీసుకొన్నది. ఆ తర్వాత ఒక కారు కంపెనీ ఆమెకు కొత్త బండి బహుమానంగా ఇచ్చింది. ఆమెను తలచుకొంటే నా రెండుసార్లు ఒక లెక్కలోనివా?

అయితే పట్టుదలకూ మొండితనానికీ ఉన్న తేడా కూడా చెప్పకపోతే పొరపాటవుతుంది. పరీక్ష తప్పడం విద్య లోపం, దిద్దుకోవచ్చు. చూపు పోవడం అలాటిది కాదు. నంబరు పలక చదవగలుగుతున్నాను గదా అని మావారు మొండికేసి ఉంటే, లైసెన్సు కాగితం ఆయనను ఆపేది కాదు. ఎవరూ అడగకుండానే తాళంచెవి నా చేతిలో పెట్టారు. నేను మూడు పరీక్షలలో చూపిన ధైర్యం కంటె ఆ ఒక్క రాత్రి ఆయన చూపిన ధైర్యం ఎక్కువ. మీలో ఎవరికైనా పక్కనుంచి వచ్చే బండి హఠాత్తుగా ఊడిపడినట్టు కనబడుతుంటే, దయచేసి ఈ వారంలోనే కంటి వైద్యుడికి చూపించుకోండి.

యాభైఐదు దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు. నాది 2030 దాకా చెల్లుతుంది. ఈసారి ఆ తేదీ వంటింటి గోడ మీద వ్రాసి పెట్టుకొన్నాను. ఇప్పుడు ఆసుపత్రికి నేనే తీసుకొని వెళ్తాను. ఆయన పక్క సీటులో కూర్చుని, ప్రతి సందు మొగలోనూ "ఎడమవైపు చూశావా?" అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు "చూశానండీ" అని చెప్పి, ఇంకొకసారి చూస్తాను.

ఈ పరాభవ నామ సంవత్సరంలో మీకెవరికైనా పరాభవం ఎదురైతే, కాగితం తీసి నడుమ ఒక గీత గీయండి. ఎడమవైపున్నది ఇంటికి తెచ్చుకోండి. కుడివైపున్నది అక్కడే వదిలి రండి. పచ్చడిలో వేపపువ్వు ఎంత ఉండాలో అంతే ఉంటే నోటికి మంచిది, గిన్నెనిండా అదే వేసుకొని తినమని ఏ పెద్దలూ చెప్పలేదు.